నీళ్ళలో బర్రెకు బేరమాడొద్దు: పాత అల్యూమినియం బోటు కొనడం, బాగుచేసుకోవడం

శనివారం తెల్లవారుజాము. డాలస్‌కి ఉత్తరాన, డెంటన్ దాటాక వచ్చే రే రాబర్ట్స్ చెరువు దగ్గర ట్రక్కులు వరసకట్టి ఉంటాయి. ఒక్కొక్కటే వెనక్కి వచ్చి బోటును నీళ్ళలోకి జార్చి పక్కకు వెళ్తుంటుంది. గట్టు మీద ఫ్రిస్కో నుంచో ఇర్వింగ్ నుంచో వచ్చిన మన తెలుగువాళ్ళు ఇద్దరు ముగ్గురు గాలాలు పట్టుకుని నిలబడి ఉంటారు. చేపలేమో అవతల, నీళ్ళలోనే నిలబడి ఎండిపోయిన చెట్ల మొదళ్ళ దగ్గర. ఎంత బలంగా విసిరినా గాలం అక్కడిదాకా పోదు. అప్పుడే మనసులో ఒక మాట మెదులుతుంది: మనకూ ఒక బోటుంటే?

మీరూ ఆ గట్టు మీద నిలబడ్డవారేనా? కొత్త బోటు ధరలు చూసి గుండె జారిందా? అయితే పాత అల్యూమినియం బోటు వైపు చూడండి. 14 అడుగులదో 16 అడుగులదో ఒకటి దొరికితే మామూలు కారుతోనే లాక్కెళ్ళవచ్చు, గరాజు పక్కన పెట్టుకోవచ్చు, వారాంతాల్లో సొంత చేతులతో బాగుచేసుకోవచ్చు. చేపలకూ పనికొస్తుంది, చలికాలంలో బాతుల వేటకూ పనికొస్తుంది.

అల్యూమినియమే ఎందుకు? ఉక్కు బరువులో మూడో వంతే ఉంటుంది. తుప్పు పట్టి రాలిపోదు. రాయి తగిలితే చాలావరకు సొట్టపడి ఊరుకుంటుంది. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా నౌకాదళానికి విమానాలు చేసిచ్చిన గ్రమ్మన్ కంపెనీ, యుద్ధం ముగిసే వేళకు అదే లోహంతో చిన్న పడవలు చేయడం మొదలుపెట్టింది. 1946లో అల్యూమాక్రాఫ్ట్, క్రెస్ట్‌లైనర్, 1948లో లండ్ మిన్నెసోటాలో పుట్టాయి. ముప్ఫై నలభై ఏళ్ళ కిందటి బోట్లు ఇప్పటికీ చెరువుల మీద తిరుగుతున్నాయి. అందుకే వయసు చూసి భయపడనక్కర్లేదు. ఆ వయసు ఎలా గడిచిందో చూడాలి.

ముందు మీకేం కావాలో తేల్చుకోండి

ప్రకటనల్లో 1436, 1448, 1648 లాంటి అంకెలు కనిపిస్తాయి. మొదటి రెండంకెలు అడుగుల్లో పొడవు, తర్వాతి రెండు అంగుళాల్లో అడుగుభాగం వెడల్పు. 1436 అంటే 14 అడుగుల పొడవు, 36 అంగుళాల వెడల్పు. ఇవన్నీ అడుగు బల్లపరుపుగా ఉండే జాన్ బోట్లు. లోతు తక్కువ నీళ్ళలోకి, రెల్లు దుబ్బుల మధ్యకి హాయిగా పోతాయి. బాతుల వేటకు ఇవే వాటం.

రెండో రకం బోట్లకు అడుగు వి ఆకారంలో ఉంటుంది. గాలి లేచి అలలు కొట్టే పెద్ద చెరువుల్లో ఇవి నీటిని చీల్చుకుంటూ పోతాయి. జాన్ బోటు అదే అల మీద దబదబా కొట్టుకుంటుంది.

మీరు వెళ్ళేది ఎక్కడికి? టెక్సోమా లాంటి పెద్ద చెరువుల్లో స్ట్రైపర్ చేపల కోసమా, వాగుల్లో క్యాట్‌ఫిష్ కోసమా? నిలబడి గాలం విసిరే అలవాటుందా? ఉంటే 36 అంగుళాల వెడల్పు చాలదు, 48 చూడండి. ఆ పన్నెండు అంగుళాల తేడా నీళ్ళ మీద నిలబడ్డప్పుడు మోకాళ్ళకు తెలుస్తుంది.

కొనే రోజు: ఎనిమిది పరీక్షలు

తెలుగులో ఒక మాటుంది, నీళ్ళలో ఉన్న బర్రెకు బేరమాడినట్టు అని. మునిగి ఉన్న బర్రె కుంటిదో మంచిదో ఎవరికి తెలుసు? బోటు విషయంలో ఇది అక్షరాలా నిజం. చెరువులో తేలుతున్న బోటును చూసి ధర ఒప్పుకోకండి. ట్రైలర్ మీదికి ఎక్కించాక, పగటి వెలుతురులో, కింద పడుకుని చూడండి. పాత బట్టలు వేసుకెళ్ళండి. టార్చిలైటు, స్క్రూడ్రైవరు, కొలత టేపు, మార్కరు వెంట ఉంచుకోండి. తొందరపడకుండా గంటన్నర కేటాయించండి.

1. అడుగు చూడండి. రివెట్ల వరస వెంట వేలు పోనివ్వండి. వదులైన రివెట్టు చుట్టూ నల్లటి మరక ఉంటుంది, వేలికి కదిలినట్టు తెలుస్తుంది. రెండు మూడు వదులైతే బెంగలేదు. వెల్డింగు చేసిన అతుకుల దగ్గర పగుళ్ళుంటే మాత్రం ఆలోచించండి. సన్నని చిల్లుల్లా తొలిచి, తెల్లటి పొడి రాలుతుంటే లోహాన్ని రసాయన చర్య తింటోందని అర్థం. ఉప్పునీళ్ళలో తిరిగిన బోట్లలో ఇది ఎక్కువ.

2. ట్రాన్సం పరీక్షించండి. మన సముద్రతీరపు జాలర్లు పడవ ముందు కొసను అణియం అనీ, వెనుక కొసను అమరం అనీ అంటారు. అమరం దగ్గర మోటారును బిగించే అడ్డపలకే ట్రాన్సం. చాలా పాత బోట్లలో దాని అల్యూమినియం రేకుల మధ్య ప్లైవుడ్ ఉంటుంది. బోల్టు రంధ్రాల గుండా నీరు దిగి లోపల అది కుళ్ళిపోతుంది, పైకేమో మెరుస్తూనే ఉంటుంది. మోటారు అడుగుభాగాన్ని పట్టుకుని పైకీ కిందికీ ఊపండి. పలక వంగుతోందా? కుండ కొనేటప్పుడు వేలి కణుపుతో కొట్టి వింటారే, అలా స్క్రూడ్రైవరు పిడితో పలక అంతటా కొట్టి వినండి. గట్టి కర్ర టకటకమంటుంది. కుళ్ళింది బొదబొదమంటుంది.

3. బోటు లోపలి నేల మీద నడవండి. కార్పెట్ కొత్తగా ఉంటే ఇంకా జాగ్రత్త. కింద పాడైన ప్లైవుడ్‌ను కప్పడానికే చాలామంది కొత్త కార్పెట్ వేస్తారు. మడమతో నొక్కుతూ వెళ్ళండి. మెత్తగా దిగిన చోట కర్ర పోయినట్టే.

4. నేల కింది ఫోమ్ గురించి అడగండి. బోటు బోల్తాపడినా మునిగిపోకుండా తేల్చేది అదే. ఏళ్ళ తరబడి నీళ్ళలో నానిన ఫోమ్ వందల పౌండ్ల బరువు పీల్చుకుని కూర్చుంటుంది. ఖర్చు తడిసి మోపెడవడం అంటే ఏమిటో ఇక్కడ కళ్ళారా కనిపిస్తుంది. డ్రెయిన్ ప్లగ్ తీసి, బోటు అణియాన్ని పైకెత్తి చూడండి. వాన పడి వారాలైనా నీళ్ళు బొట్లుబొట్లుగా కారుతూనే ఉంటే లోపల ఫోమ్ నానిందని అనుమానించండి.

5. మోటారును చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేయించండి. వస్తున్నామని చెప్పేటప్పుడే, "మేమొచ్చేదాకా స్టార్ట్ చేయకండి" అని అడగండి. వెళ్ళగానే మోటారు మూత మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉందా? చల్లగా ఉన్నప్పుడు మొరాయిస్తుందేమోనని ముందే వేడిచేసి ఉంచారేమో అడగండి. స్టార్టయ్యాక పక్కనుంచి సన్నని నీటిధార బలంగా రావాలి, లేకపోతే నీటి పంపు పనిచేయనట్టే. నీళ్ళు అందించకుండా మోటారును ఆడనివ్వకండి, పంపులోని రబ్బరు రెక్కలు కొద్దిసేపట్లోనే కాలిపోతాయి.

6. కంప్రెషన్ కొలవండి. పరికరం విడిభాగాల దుకాణంలో దొరుకుతుంది. అన్ని సిలిండర్ల అంకెలూ దగ్గరదగ్గరగా ఉండాలి. ఒకదానికొకటి పది శాతం కన్నా ఎక్కువ తేడా ఉంటే మెకానిక్‌కు చూపించకుండా కొనకండి. కింది గేర్ల ఆయిల్ మరను కొంచెం వదులుచేసి చూడండి. పాలు కలిపిన కాఫీలా ఉంటే సీలు పోయి నీళ్ళు చేరాయి.

7. ట్రైలర్‌ను చిన్నచూపు చూడకండి. చక్రాన్ని జాకీ మీద లేపి తిప్పండి. గరగరమంటే బేరింగులు పోయాయి. టైరు మీద డాట్ అనే అక్షరాల వరసలో చివరి నాలుగంకెలు తయారైన వారం, సంవత్సరం చెబుతాయి. 2315 అంటే 2015లో 23వ వారం. గాట్లు బాగానే ఉన్నా అంత పాత టైరును హైవే ఎక్కించకూడదు.

8. కెపాసిటీ ప్లేటు చదవండి. 1972 నవంబరు 1 నుంచి తయారైన 20 అడుగుల లోపు మోటారు బోట్లకు ఇది ఉండాలి. ఎంతమంది ఎక్కవచ్చు, మొత్తం ఎంత బరువు, ఎన్ని హార్స్‌పవర్ల మోటారు అనేవి అందులో ఉంటాయి. ప్లేటు ఊడిపోయి ఉంటే, మామూలు ఆకారపు చిన్న బోటుకు పొడవును వెడల్పుతో గుణించి 15తో భాగిస్తే మనుషుల సంఖ్య ఉజ్జాయింపుగా వస్తుంది. 14 అడుగుల పొడవు, 5 అడుగుల వెడల్పు ఉంటే నలుగురు.

కాగితాలు మూడు, బేరం ఒకటి

బోటు, మోటారు, ట్రైలర్. ఈ మూడూ మూడు వేర్వేరు ఆస్తులని గుర్తుపెట్టుకోండి. టెక్సస్‌లో బోటుకూ, మోటారుకూ టైటిళ్ళు పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ శాఖ ఇస్తుంది. ట్రైలర్ రిజిస్ట్రేషన్ కౌంటీ ట్యాక్స్ ఆఫీసులో. మరో రాష్ట్రంలో ఉంటే పద్ధతి వేరుగా ఉంటుంది, వెళ్ళే ముందే ఆ శాఖ వెబ్‌సైటు చూసుకోండి.

ట్రాన్సం బయటివైపు కుడిచేతి పైమూలన పన్నెండు అక్షరాలూ అంకెలూ కలిసిన హల్ నంబరు చెక్కి ఉంటుంది. ఇదీ 1972 నుంచే తప్పనిసరి అయింది. ఆ నంబరూ టైటిల్‌లోని నంబరూ ఒక్కో అక్షరం సరిపోల్చండి. మోటారు సీరియల్ నంబరు కూడా అంతే. అమ్మేవారి పేరు, టైటిల్‌లోని పేరు ఒకటేనా?

ఒక సందర్భం ఊహించుకోండి. అమ్మే ఆయన చాలా మంచి మనిషి. "మా బావమరిది బోటు ఇది, టైటిల్ ఎక్కడో ఉంది, వచ్చే వారం పోస్టులో పంపిస్తాలే" అంటాడు. బోటేమో ముచ్చటగా ఉంది. డబ్బు జేబులో ఉంది. అప్పుడేం చేస్తారు? నవ్వుతూ, "టైటిల్ దొరికిన రోజు ఫోన్ చేయండి, అదే రోజు వచ్చి తీసుకెళ్తాం" అనండి. టైటిల్ లేని బోటును రిజిస్టర్ చేయించుకోవడానికి నెలల తరబడి తిరగాల్సి రావచ్చు. దొంగిలించినదని తేలితే బోటూ పోతుంది, డబ్బూ పోతుంది.

బేరం దగ్గర మొహమాటం వద్దు, గొడవా వద్దు. పరీక్షల్లో తేలినవన్నీ ఒక కాగితం మీద రాయండి: రెండు టైర్లు, బేరింగులు, నీటి పంపు, ట్రాన్సం కర్ర. ఒక్కోదాని పక్కన విడిభాగాల ధర వేయండి. ఆ కాగితం చూపించి మాట్లాడితే, "కాస్త తగ్గించండి" అని పదిసార్లు అనే అవసరమే రాదు.

ఇంటికి తెచ్చాక: ఏది ముందు, ఏది తర్వాత

బోటు ఇంటికి రాగానే చేయి ఎటు పోతుంది? చాలామందికి రంగు డబ్బా మీదికి, లేదా చేపలను చూపించే స్క్రీన్ మీదికి. ఇక్కడే డబ్బు వృథా అవుతుంది. వరస ఇలా ఉండాలి.

1. కారే చోట్లు పట్టుకోండి. బోటు ట్రైలర్ మీద ఉండగానే పైపుతో లోపల నీళ్ళు పోసి, బయటివైపు ఎక్కడ చెమర్చుతోందో చూడటం అన్నిటికన్నా నమ్మకమైన పద్ధతి. చెమర్చిన ప్రతి రివెట్టు చుట్టూ మార్కరుతో సున్నా చుట్టండి. ఒక హెచ్చరిక: నాలుగు అడుగుల వెడల్పు, పది అడుగుల పొడవున్న అడుగుభాగంలో నాలుగు అంగుళాల ఎత్తున నీళ్ళు పోస్తే 800 పౌండ్లు దాటుతుంది. చిన్న ట్రైలర్ అంత మోయలేదు. కింద దుంగలు ఆనించి, ముందు సగం, తర్వాత సగం కొద్ది నీళ్ళతో పరీక్షించండి.

సున్నాలు చుట్టిన రివెట్ల పని ఇద్దరు చేయాల్సింది. ఒకరు లోపల కూర్చుని రివెట్టు తోకకు బరువైన ఇనుప దిమ్మె ఆనించి గట్టిగా పట్టుకోవాలి. మరొకరు బయటి నుంచి తల మీద సుత్తితో రెండు మూడు దెబ్బలు వేయాలి. దిమ్మెకు తగిలి లోపలి తోక నలిగి బిగుసుకుంటుంది. సుత్తి శబ్దం మారడం చెవికి తెలుస్తుంది: వదులుగా ఉన్నప్పుడు గలగల, బిగిశాక ఖంగుమని. రంధ్రమే పెద్దదై ఉంటే పాత రివెట్టును డ్రిల్ చేసి తీసి, ఒక సైజు పెద్దదైన, కొస మూసుకుని ఉండే అల్యూమినియం పాప్ రివెట్టును త్రీఎం 5200 లాంటి సీలెంట్‌లో ముంచి బిగించండి. అన్నీ అయ్యాక లోపలివైపు అతుకుల మీద గ్లవిట్ లాంటి ఎపాక్సీ పూత వేస్తే మిగిలిన సన్న చెమ్మ కూడా ఆగుతుంది. వంటింటి సింకుకు వాడే సిలికాన్‌ను మాత్రం పూయకండి. అది ఎక్కువ కాలం అంటుకుని ఉండదు, ఆ చోట తర్వాత వేరే పూతా పట్టదు.

2. ట్రాన్సం కర్ర మార్చండి. పాత ముక్కను ముక్కలు కాకుండా తీయండి, అదే కొత్తదానికి కొలత. ముప్పావు అంగుళం ప్లైవుడ్ రెండు పొరలు ఎపాక్సీతో అతికిస్తే ఒకటిన్నర అంగుళం మందం వస్తుంది. అంచులకు రెండు మూడు పూతలు ఎపాక్సీ పట్టించండి, నీరు దిగేది అంచుల నుంచే. బోల్టు రంధ్రాల లోపలి గోడలకూ పూయండి. అన్నిటికన్నా ముఖ్యం: ఇంటి డెక్‌లకు వాడే, మందు పట్టించిన ట్రీటెడ్ కర్ర వాడొద్దు. ఆ మందులో రాగి ఉంటుంది. తడిలో రాగీ అల్యూమినియమూ కలిస్తే రాగి అల్యూమినియాన్ని తినేస్తుంది. బోటు అడుగున పడిపోయిన ఒక్క రాగి వైరు ముక్క చాలు, కొన్ని నెలల్లో అక్కడ చిల్లు పెట్టడానికి. బయటి అడుగుకు రాగి కలిసిన నాచునిరోధక రంగు వేయకూడనిది కూడా ఇందుకే.

3. నానిన ఫోమ్ తీసేయండి, కొత్తది పెట్టండి. తీసేసి ఊరుకోవడం పెద్ద పొరపాటు. ఒక ఘనపుటడుగు ఫోమ్ దాదాపు 60 పౌండ్ల బరువును తేల్చగలదు. తీసినంత కొలిచి అంతకు తగ్గకుండా పెట్టండి. షీట్లుగా దొరికే పాలిస్టైరిన్ ఫోమ్ పెట్రోలు పడితే కరిగిపోతుంది. ట్యాంకు పక్కన దాన్ని పెట్టకండి.

4. కరెంటు పని శుభ్రంగా చేయండి. తగరపు పూత ఉన్న మెరైన్ వైరే వాడండి. బ్యాటరీకి దగ్గర్లోనే ఫ్యూజు లేదా బ్రేకరు పెట్టండి. కారులో బాడీకి కలిపినట్టు ఇక్కడ నెగటివ్ వైరును బోటు లోహానికి కలపకండి. అలా చేస్తే కరెంటు నీటిలోకి కారి లోహాన్ని తింటుంది. బ్యాటరీతో నడిచే చిన్న ట్రోలింగ్ మోటారుకు ఒక లెక్కుంది: మనుషులతో, సామానుతో కలిపి ప్రతి 100 పౌండ్లకు కనీసం 2 పౌండ్ల తోపుడు శక్తి. మొత్తం 1,200 పౌండ్లయితే 24 సరిపోవాలి, గాలి తట్టుకోవడానికి 40 నుంచి 55 మధ్య తీసుకోండి. 55 దాకా ఒక్క 12 వోల్టుల బ్యాటరీ చాలు.

5. డెక్ కట్టే ముందు బరువు రాసుకోండి. ప్లేటు మీద మనుషులు, మోటారు, సామాను కలిపి 700 పౌండ్లని ఉందనుకుందాం. ఇద్దరు మనుషులు 360. 25 హార్స్‌పవర్ మోటారు 120. ఆరు గ్యాలన్ల పెట్రోలు 37. లెడ్ బ్యాటరీ 60. ట్రోలింగ్ మోటారు 30. లంగరు, గాలాలు, ఐసుపెట్టె 60. అప్పుడే 667 అయింది. అర అంగుళం ప్లైవుడ్ రెండు షీట్లతో ఎత్తైన డెక్ కడితే ఇంకో 90 పైనే. ప్లేటు దాటిపోయారు. పైగా డెక్ మీద నిలబడితే బరువు పైకి చేరి బోటు ఒరగడానికి సిద్ధంగా ఉంటుంది. సన్నని జాన్ బోటులో డెక్ తక్కువ ఎత్తులో, అణియం దగ్గర మాత్రమే, వీలైతే అల్యూమినియం రేకుతో వేసుకోండి.

6. రంగు చివర్న. పాత రంగు గీకి, జిడ్డు తుడిచి, అల్యూమినియానికి పట్టే సెల్ఫ్ ఎచింగ్ ప్రైమరు అదే రోజు కొట్టండి. గీకిన లోహం మీద గాలి తగలగానే ఆక్సైడ్ పొర ఏర్పడటం మొదలవుతుంది, ఆలస్యమైతే రంగు పొరలుపొరలుగా లేస్తుంది. వేటకు వాడేట్టయితే మెరుపు లేని బూడిద, ఎండుగడ్డి రంగులు వేయండి. రెల్లు ఆకునే స్టెన్సిల్‌గా పెట్టి కొడితే ఆ చోటి గడ్డిలో బోటు కలిసిపోతుంది.

బాతుల వేటకు వెళ్ళేవారికి

మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం తర్వాత వేట దాదాపు లేదు కాబట్టి మనలో చాలామందికి ఇది కొత్త. అమెరికాలో వేట ఉంది, దాని చుట్టూ గట్టి కట్టుబాట్లూ ఉన్నాయి. తెలియకపోవడం ఇక్కడ సాకు కాదు.

1. పదహారేళ్ళు నిండిన ప్రతి బాతుల వేటగాడి దగ్గరా రాష్ట్ర లైసెన్సుతో పాటు ఫెడరల్ డక్ స్టాంపు ఉండాలి. 1934లో మొదలైన ఈ స్టాంపు డబ్బు పక్షులు బతికే తడినేలలు కొనడానికి వెళ్తుంది. టెక్సస్‌లో 1971 సెప్టెంబరు 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవారు వేట శిక్షణ కోర్సు చేయాలి. 1993 సెప్టెంబరు 1న గానీ తర్వాత గానీ పుట్టినవారు 15 హార్స్‌పవర్ దాటిన బోటు నడపాలంటే బోటు కోర్సు చేయాలి.

2. బాతుల మీద సీసం గుళ్ళు వాడటం 1991 నుంచి దేశమంతటా నిషేధం. స్టీలు లాంటి విషం కాని గుళ్ళే వాడాలి. మోటారు ఆపి, బోటు ముందుకు పోవడం పూర్తిగా ఆగాకే కాల్చాలి.

3. వీసా చూసుకోండి. హెచ్-1బీ లాంటి తాత్కాలిక వీసా మీద ఉన్నవారి దగ్గర తుపాకీ గానీ తూటాలు గానీ ఉండటాన్ని ఫెడరల్ చట్టం సాధారణంగా నేరంగా చూస్తుంది. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉండటం ఆ చట్టంలోని మినహాయింపుల్లో ఒకటి. స్నేహితుడి తుపాకీని ఒక్క నిమిషం పట్టుకునే ముందే ఇమిగ్రేషన్ లాయర్‌తో మాట్లాడండి. గ్రీన్‌కార్డు వరసలో ఏళ్ళ తరబడి నిలబడ్డవారికి ఈ ఒక్క ఫోన్ కాల్ ఎంత విలువైనదో చెప్పనక్కర్లేదు.

4. బోటులో తుపాకులకు వేరే చోటు చేయండి, మిగతా వేట సామానునూ లెక్కేసుకోండి. వెనకటి పిట్టల వేటగాళ్ళు దీమం పిట్టను పెట్టి అడవి పిట్టలను దింపేవారు. ఇక్కడ ప్లాస్టిక్ దీమం బాతులను డజన్ల కొద్దీ సంచుల్లో తీసుకెళ్తారు. ఆ సంచులు, కుక్క, తడిసిన బట్టలు, అన్నిటి బరువూ పై లెక్కలో కలపండి.

తరచుగా జరిగే పొరపాట్లు

1. ప్లేటు మీద 25 ఉంటే 40 హార్స్‌పవర్ పెట్టడం. బరువంతా అమరం మీద పడి, ఆగినప్పుడు వెనుక అల బోటులోకి ఎక్కుతుంది. ప్రమాదం జరిగితే బీమా కంపెనీ చేతులెత్తేయవచ్చు కూడా.

2. మోటారు కాడ పొడవు చూడకపోవడం. 15 అంగుళాల ట్రాన్సంకు పొట్టి కాడ, 20 అంగుళాలదానికి పొడుగు కాడ. ఇది కొలవకుండా మోటారు కొని తెచ్చి మళ్ళీ అమ్ముకున్నవాళ్ళు తక్కువేం కాదు.

3. పెట్రోలు ట్యాంకును మూతపడే అరలో దాచడం. ఆవిరి లోపలే చేరుతుంది. అలాంటి అరలు కడితే మంటలార్పే సిలిండరు తప్పనిసరి, గాలి పోయే దారీ ఉండాలి.

4. చెరువు నీళ్ళు మరో చెరువుకు మోయడం. జీబ్రా మసెల్ అనే చిన్న ఆల్చిప్ప 2009లో టెక్సోమాలో కనిపించి టెక్సస్‌లో ఒక్కో చెరువుకూ పాకుతోంది. చెరువు వదిలేటప్పుడు బోటులోని నీళ్ళన్నీ వంచేయాలని 2014 నుంచి ఆ రాష్ట్రమంతటా నిబంధన. కొర్రమీను జాతి చేపలు కూడా ఇక్కడ స్నేక్‌హెడ్ పేరుతో హానికర జాబితాలో ఉన్నాయి. నోరూరినా వాటిని ప్రాణంతో తరలించకూడదు.

5. లైఫ్ జాకెట్లను సీటు కింద పెట్టి తాళం వేయడం. అమెరికా కోస్ట్ గార్డ్ లెక్కల ప్రకారం 2023లో బోటు ప్రమాదాల్లో 564 మంది చనిపోయారు. మరణ కారణం తెలిసినవారిలో 75 శాతం మునిగిపోయినవారే. వాళ్ళలో జాకెట్ సంగతి నమోదైనవారిని చూస్తే 87 శాతం మంది వేసుకోలేదు. ఈత వచ్చు కదా అనుకుంటున్నారా? జనవరి నీళ్ళలో, ఛాతీదాకా ఉండే రబ్బరు వేడర్లు వేసుకుని, చీకట్లో పడితే గోదావరిలో ఈదినవారికీ చేతులు కదలవు.

మొదటి రోజు

అన్నీ సిద్ధమయ్యాయి. ఇప్పుడు పెద్ద చెరువుకు వెళ్ళకండి. గాలి లేని రోజు, వీలైతే పనిదినం పొద్దున, చిన్న చెరువు ఎంచుకోండి. ర్యాంపు ఖాళీగా ఉంటే వెనక్కి నడపడం హడావిడి లేకుండా నేర్చుకోవచ్చు.

దారిలో పది మైళ్ళ దగ్గర ఆగి చక్రాల మధ్యభాగాన్ని చేత్తో ముట్టుకుని చూడండి. చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటే అక్కడి నుంచే వెనక్కి తిరగండి. ర్యాంపు దగ్గర, బోటు నీళ్ళు తాకకముందు, డ్రెయిన్ ప్లగ్ బిగించి ఉందో లేదో పక్కనున్నవారితో పైకి చెప్పించండి. ఇంజను ఆపే తాడును నడిపేవారికి తగిలించండి. ఆ ఏర్పాటు ఉన్న 26 అడుగుల లోపు మోటారు బోట్లు వేగంగా పోయేటప్పుడు ఇది 2021 ఏప్రిల్ 1 నుంచి ఫెడరల్ చట్టం.

ర్యాంపుకు కనుచూపు మేరలోనే అరగంట తిరగండి. గాలాలు తెచ్చుకోండి, కాని మొదటి అరగంట వాటిని తీయకండి. ట్రాన్సం వైపు చూడండి, అడుగున చెయ్యి పెట్టి తడి చూడండి, మోటారు నీటిధార చూడండి. ఒడ్డుకు వచ్చి బోటును ట్రైలర్ ఎక్కించాక ప్లగ్ తీసి, కారిన నీటిని ఒక బకెట్‌లో పట్టండి. ఎన్ని గ్లాసులుందో చిన్న నోట్‌బుక్‌లో తేదీ వేసి రాసుకోండి. రెండో రోజు రాసే అంకె దానికన్నా పెరిగిందా, తగ్గిందా అనేదాన్ని బట్టి వచ్చే శనివారం చేయాల్సిన పని మీకే తెలుస్తుంది.